లంక వైపు కట్టిన తోరణము

చక్రాయపేట సీమలో పాపాఘ్ని నది కొండలను చీల్చుకొని పారు తావును గండి అందురు. అచ్చటి వీరాంజనేయస్వామి కోవెలకు శ్రావణమాసపు శనివారములందు జనము తండోపతండములుగా వచ్చుదురు. ఆ క్షేత్రమును గూర్చి మా పెద్దలు చెప్పు కథ ఈ ప్రాంతమున అందరును ఎరిగినదే. శ్రీరాముడు లంకకు పోవు దారిలో అచ్చట తపస్సు చేసుకొనుచున్న వాయుదేవుడు ఎదురువచ్చి ఆతిథ్యము స్వీకరింపుమని వేడినాడట. తిరిగి వచ్చునపుడు తప్పక వత్తునని రాముడు మాట ఇచ్చినాడట. లంకలో జయము కలిగినదని విన్న వాయుదేవుడు నదికి ఇరువైపుల నున్న కొండలను కలిపి బంగారు తోరణము కట్టినాడట. మాట నిలుపుకొనుటకు వచ్చిన రాముడు అచ్చట బాణపు మొనతో బండమీద ఆంజనేయుని రూపము గీసినాడనియు, చిటికెనవేలు విడదీయక మునుపే ప్రయాణమై పోయినాడనియు చెప్పుదురు.

ఆ తోరణము రాముని జయమునకు కట్టినదని మనము అనుకొందుము. నిజమే. కాని ఆ జయములో మనము తరచుగా మరచు సంగతి ఒకటి కలదు. రాముడు లంకను తన చేత ఉంచుకొనలేదు. ఆ నేలకు చెందిన విభీషణునికి పట్టము కట్టించి, తన ఇంటికి తాను వచ్చినాడు. పొరుగుదేశమున మంచి పాలన నిలుచునను సంతోషము కూడ ఆ తోరణములో ఉన్నదని మేము తలచుచున్నాము. సింహళమున నేటికిని కొలంబో చెంతనున్న కెలణియ బౌద్ధక్షేత్రములో విభీషణుని ద్వీపరక్షకులలో ఒకనిగా కొలుచుచున్నారు.

ఇప్పుడు ఈ కథ ఎందులకనగా, 2024 సెప్టెంబరు 23వ తేదీన శ్రీలంకలో అనుర కుమార దిసనాయక గారు అధ్యక్షులుగా ప్రమాణము చేసినారు. ఈ పట్టము ఏ దేశమువారును తెచ్చి కట్టినది కాదు. ఆ దేశపు ప్రజలు ఓటు వేసి కట్టినది. ఆయనను గూర్చి ఆ ద్వీపములోను, మన దేశములోను ఎందరో ఆశ పెట్టుకొన్నారు. మేమును పెట్టుకొన్నాము. ఆ ఆశకు ఆధారములేమి, పొరుగువారికి ఎట్టి ఆశ తగును అను రెండు విషయములను మీతో ముచ్చటింపదలచినాము.

వేరుసెనగ పైరుకు వాన వచ్చునా రాదా అని ఆకాశము వైపు చూచు మెట్టసీమ వారికి సముద్రము నడుమనున్న దేశపు ఎన్నికతో పని ఏమి అని మీలో కొందరు అడుగవచ్చును. మొదట దూరము లెక్క చూడుడు. పక్షి ఎగురు దారిన కొలిచినచో, చక్రాయపేటకు ఢిల్లీ ఎంత దూరమో కొలంబో అందులో సుమారు సగము దూరము. తరువాత బంధుత్వము చూడుడు. నాగార్జునకొండమీద ఇక్ష్వాకు రాజుల కాలములోనే సింహళ భిక్షువుల కొరకు సింహళ విహారము వెలసినదని అచ్చటి శాసనము తెలుపుచున్నది. అనగా పదునారు వందల ఏండ్లకు పైబడిన రాకపోకలు. ఇటీవలి కాలమునకు వచ్చినచో, 1739 మొదలు 1815 వరకు కాండీ సింహాసనమును ఏలినవారు మధుర నుండి పోయిన నాయకర వంశమువారు. వారి పూర్వులు తెలుగువారు. వారిలో కీర్తి శ్రీ రాజసింహుడు 1753లో సయాము దేశమునుండి భిక్షువులను రప్పించి, ఆ ద్వీపమున అంతరించిపోయిన బౌద్ధ ఉపసంపదను తిరిగి నిలిపినాడు. పరాయి నేలనుండి వచ్చిన వంశము తాను ఏలు ప్రజల ధర్మమును నిలబెట్టుట చిన్న సంగతి కాదు. ఆ వంశపు కడపటి రాజు శ్రీ విక్రమ రాజసింహుని ఆంగ్లేయులు 1815లో పదవి నుండి దించి వేలూరు కోటకు పంపినారు. 1832లో ఆయన ఆ చెరలోనే కన్ను మూసినాడు.

రేడియో ముందు కూర్చున్న మనకు మరియొక బంధుత్వము చెప్పనక్కరలేదు. ఆకాశవాణిలో సినిమా పాటలు అరుదైన రోజులలో, రేడియో సిలోన్ వారి తెలుగు పాటల కొరకు పల్లెలలో సయితము జనము చెవులొగ్గి కూర్చుండిరి. మీనాక్షి పొన్నుదురై గారి కంఠమును పోల్చుకొనగల పెద్దలు నేటికిని కలరు. సాయంకాలము మన ఇండ్లలోనికి పాటను పంపిన దేశము, మన పలుకుబడిలో మాత్రము కాలిపోవు దేశముగానే మిగిలినది. పెద్ద ఇంటిని లంకంత కొంప అందుము. సర్వము నాశనమైనచో లంకాదహనము అందుము. ఆ లంకలో మనవంటి రైతులు, కూలివారు, జాలరులు ఉన్నారని తలచుట మనకు ఇంకను అలవాటు కావలసి ఉన్నది.

ఇక ఆ దేశమునకు కలిగిన కష్టమును చూతము. రైతులకు సులభముగా తెలియు చోటనుండి మొదలుపెట్టెదము. 2021లో అప్పటి అధ్యక్షులు గోటాభయ రాజపక్ష గారు రసాయనిక ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించినారు. సేంద్రియ వ్యవసాయము మంచిదా కాదా అనుట వేరు మాట. మడిలో నారు పోసిన రైతునకు నిన్న ఉన్న ఎరువు నేడు లేదనుట వేరు మాట. దేశమంతకును ఒక్క పంటకాలములో సేంద్రియపు ఎరువు సమకూర్చుట ఎవరి తరము? వరి దిగుబడి పడిపోయినది. విదేశీ ద్రవ్యము తెచ్చు తేయాకు తోటలు దెబ్బతిన్నవి. ఆ సంవత్సరము నవంబరు నాటికి నిషేధమును వెనుకకు తీసికొన్నారు. కాని గడచిన అదను తిరిగి రాదు గదా.

దానికి తోడు పన్నులు తగ్గించుటవలన బొక్కసము వట్టిపోయినది. మహమ్మారి వలన యాత్రికుల రాక ఆగిపోయినది. పాత అప్పులు మీదపడినవి. 2022 ఏప్రిల్ 12వ తేదీన శ్రీలంక ప్రభుత్వము విదేశీ అప్పుల చెల్లింపును నిలిపివేయుచున్నామని ప్రకటించినది. పెట్రోలు కొరకు, వంటగ్యాసు కొరకు జనము పగలు రాత్రి వరుసలలో నిలిచినారు. ఆ సంవత్సరము సెప్టెంబరులో ధరల పెరుగుదల 70 శాతమునకు చేరువయ్యెను. సింహళ భాషలో ‘అరగలయ’ అనగా పోరాటము. ఆ పేరుతో సాగిన ఉద్యమములో జనము జూలై 9వ తేదీన అధ్యక్ష భవనములో ప్రవేశించినారు. 13వ తేదీన అధ్యక్షులు దేశము విడిచి పోయినారు. ఆ సంవత్సరమున మన దేశము అప్పుగాను, సహాయముగాను సుమారు 400 కోట్ల డాలర్ల మేర ఆదుకొన్నది. ఇంధనము, ఔషధములు, ఆహారము, యూరియా అందులో చేరినవి.

అట్టి కష్టము తరువాత జరిగిన మొదటి అధ్యక్ష ఎన్నిక 2024 సెప్టెంబరు 21నాటిది. ఒక్క తుపాకి పేలకుండ, ఓడినవారు ఓటమిని ఒప్పుకొనగా, అధికారము చేతులు మారినది. మొదటి లెక్కలో దిసనాయక గారికి 42.31 శాతము ఓట్లు వచ్చినవి. సగమునకు మించి ఎవరికిని రాకపోవుటచేత, ఆ దేశపు చరిత్రలో తొలిసారిగా రెండవ ప్రాధాన్యపు ఓట్లు కూడ లెక్కించి ఫలితమును తేల్చినారు. ఇది మా ఆశకు మొదటి ఆధారము. ఆకలిగొన్న జనము రాజభవనము ముట్టడించినంత సులభముగా, రెండేండ్లు ఓర్చి ఓటు వరుసలో నిలువరు. సింహళ ప్రజలు నిలిచినారు. 1931లోనే, ఆసియాలో మొదటగా, స్త్రీపురుష భేదము లేక వయోజనులందరు ఓటుహక్కు పొందిన దేశమది. 1960లో ప్రపంచమున మొదటి మహిళా ప్రధానిని ఎన్నుకొన్న దేశమది. ఆ అలవాటు కష్టకాలమున అక్కరకు వచ్చినది.

దిసనాయక గారు 1968 నవంబరు 24వ తేదీన జన్మించినారు. అనురాధపురము జిల్లాలోని తంబుత్తేగమలో పెరిగినారు. అది చెరువుల క్రింద వరి పండించు మెట్టప్రాంతము. సామాన్య కుటుంబము. కెలణియ విశ్వవిద్యాలయములో విజ్ఞానశాస్త్ర పట్టము పొందినారు. 2000లో పార్లమెంటు సభ్యులైనారు. 2004లో కొంతకాలము వ్యవసాయ మంత్రిగా పనిచేసినారు. 2019 అధ్యక్ష ఎన్నికలో ఆయనకు వచ్చిన ఓట్లు 3.16 శాతము మాత్రమే. 3 నుండి 42కు ఎదిగినది ఆయన ఒక్కరి ప్రతిభ కాదు. పాత కుటుంబముల పాలన మీద జనమునకు కలిగిన విసుగు కూడ అందులో ఉన్నది.

తంబుత్తేగమ ప్రాంతమునకు మనతో ఒక సంబంధము కలదు. అచ్చట కుడాగమ అను పల్లె ఉన్నది. ఆ పల్లెలోనివారిని అహికుంటికులు అందురు. పాములు ఆడించుట, కోతులను ఆడించుట, చేయి చూచి సోదె చెప్పుట వారి తాతముత్తాతల వృత్తి. పాములవానికి మన కావ్యభాషలో గల ‘ఆహితుండికుడు’ అను మాటకు వారి పేరు చుట్టమే. వారు ఇండ్లలో మాటాడుకొను భాష తెలుగు. ఊరూర గుడారములు వేసికొని తిరిగిన ఆ జాతివారు క్రమముగా కొన్ని పల్లెలలో స్థిరపడినారు. బడి భాష సింహళమో తమిళమో అగుటచేత, వారి పిల్లల నోట తెలుగు నానాటికి తగ్గిపోవుచున్నది. అధ్యక్షుడు పెరిగిన చోటనే, ఏ అధికారియు సాధారణముగా లెక్కింపని తెలుగు గుడిసెలు ఉన్నవన్నమాట. ఈ పల్లెను జ్ఞాపకముంచుకొనుడు. కడపట దీనితో పని కలదు.

మా ఆశకు రెండవ ఆధారము జాఫ్నా. దిసనాయక గారి పక్షమైన జనతా విముక్తి పెరమునకు మచ్చలేని చరిత్ర లేదు. 1971లో ఒకసారి, 1987 నుండి 1989 వరకు మరియొకసారి ఆ పక్షము సాయుధ తిరుగుబాటు నడిపినది. రెండుసార్లును నెత్తురు ఏరులై పారినది. 1987 జూలై 29నాటి భారత శ్రీలంక ఒడంబడికను ఆ పక్షము తీవ్రముగా వ్యతిరేకించినది. తమిళులు ఎక్కువగా నున్న ఉత్తర, తూర్పు ప్రాంతముల విలీనమును 2006లో అచ్చటి సుప్రీముకోర్టు రద్దు చేయుటకు మూలమైన వ్యాజ్యమును వేసినవారును ఆ పక్షమువారే. అట్టి పక్షము నడిపించు కూటమికి 2024 నవంబరు 14నాటి పార్లమెంటు ఎన్నికలలో జాఫ్నా జిల్లాలోని 6 స్థానములలో 3 లభించినవి. మొత్తము 225లో 159 వచ్చినవి. 1983 నుండి 2009 వరకు యుద్ధములో నలిగిన తమిళులు, దక్షిణపు సింహళ పక్షమునకు అంత మద్దతు ఇచ్చుట మునుపు ఎన్నడును ఎరుగము. గెలిచినవారి గొప్పతనము కన్న ఓటు వేసినవారి సాహసము అందులో ఎక్కువ. నమ్మకము పోగొట్టుకొన్నవారు మరల నమ్ముట ఎంత కష్టమో, అప్పు ఎగవేసినవానికి తిరిగి అప్పు ఇచ్చిన ఏ షావుకారునైనను అడుగుడు.

మూడవ ఆధారము మన దేశముతో ఆయన నడుపుచున్న మైత్రి. ఒకనాడు భారతదేశపు విస్తరణవాదమని పాఠములు చెప్పిన పక్షపు నాయకుడు, అధ్యక్షుడైన పిదప మొదటి విదేశ ప్రయాణమునకు 2024 డిసెంబరులో ఢిల్లీకి వచ్చినారు. తమ నేలను భారతదేశపు క్షేమమునకు విరుద్ధముగా వాడనీయమని మాట ఇచ్చినారు. బుద్ధగయకు పోయి నమస్కరించినారు. 2025 ఏప్రిల్‌లో మన ప్రధాని కొలంబోకు పోయి, అనురాధపురములోని శ్రీమహాబోధి వృక్షమును దర్శించినారు. ఆ సంవత్సరము నవంబరు కడపట దిత్వా తుపాను ఆ ద్వీపమును ముంచివేసి 600 మందికి పైగా ప్రాణములను బలిగొన్నప్పుడు, మొదటగా సహాయము అందించినవారిలో మనవారు ఉన్నారు. ఆ తరువాత 45 కోట్ల డాలర్ల సహాయమును మన దేశము ప్రకటించినది. పొరుగువాడనగా పిలిచిన పలుకు వినబడు దూరమున ఉన్నవాడు గదా.

నాల్గవది నడవడి. ఏళ్ల తరబడి వాయిదా పడుచు వచ్చిన స్థానిక ఎన్నికలను 2025 మే నెలలో జరిపినారు. ఆ ఎన్నికలలో తమ ఓట్లు పార్లమెంటు ఎన్నికల నాటి 61 శాతమునుండి 43 శాతమునకు తగ్గినను, ఫలితమును మన్నించినారు. మాజీ అధ్యక్షులకు ప్రజాధనముతో ఇచ్చు భవనములను, ఇతర సదుపాయములను రద్దు చేయు చట్టమును 2025 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించినది. తేయాకు తోటల కూలివారికి దినకూలి 1,350 రూపాయలనుండి 1,550 రూపాయలకు పెంచి, దానిపై ప్రభుత్వము మరి 200 రూపాయలు హాజరు ప్రోత్సాహకముగా ఇచ్చునట్లు 2025 నవంబరు బడ్జెట్టులో ప్రతిపాదించినారు.

ఇన్ని చెప్పిన పిదప, ఇల్లు అలుకగానే పండుగ కాదను మన సామెతను కూడ చెప్పవలసి ఉన్నది. శ్రీలంక ప్రజలు ఆశ పెట్టుకొనుట ఇదియే మొదలు కాదు. 1994లో చంద్రికా కుమారతుంగ గారు శాంతి తెత్తునని 62 శాతమునకు మించిన ఓట్లతో గెలిచినారు. 1995 ఏప్రిల్ నాటికే యుద్ధము మరల రాజుకొన్నది. 2015లో మైత్రీపాల సిరిసేన గారు సుపరిపాలన అను మాటతో గెలిచినారు. ఆయనయు పొలొన్నరువ ప్రాంతపు రైతు కుటుంబమువారే. ఆయనయు మొదట ఢిల్లీకే వచ్చినారు. 2018 అక్టోబరులో తన ప్రధానిని తానే తొలగించి, పార్లమెంటును రద్దు చేయబూనినారు. ఆ రద్దు చెల్లదని డిసెంబరులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 2019లో గోటాభయ గారు గెలిచినప్పుడు యువకులు ఉత్సాహము పట్టలేక వీధి గోడలమీద రంగుల బొమ్మలు వేసినారు. మూడేండ్లు తిరుగకమునుపే ఆయన పదవి దిగిపొమ్మని వీధులు నినదించినవి.

ఇందువలన మనకు తెలియునదేమి? రైతుబిడ్డ అగుట చాలదు. మంచి మాట చాలదు. గొప్ప మెజారిటీ అసలే చాలదు. ఎరువుల నిషేధము వంటి తప్పు జరుగుటకు కారణము ఒక మనిషి తెలివి తక్కువ మాత్రమే కాదు. ఒక్క సంతకమును ఆపగల చేయి రెండవది లేకపోవుట. 1978నాటి రాజ్యాంగము అధ్యక్షుని చేతిలో అపారమైన అధికారము పెట్టినది. 2015లో 19వ సవరణ దానిని కొంత తగ్గించినది. 2020లో 20వ సవరణ మరల పెంచినది. ఎరువుల ఆజ్ఞ వెలువడినది ఆ మరుసటి సంవత్సరమే. 2022లో 21వ సవరణ తిరిగి కొంత తగ్గించినది. ఈ అధ్యక్ష పద్ధతినే తొలగించెదమని దిసనాయక గారి కూటమి వాగ్దానము చేసినది. తన చేతి అధికారమును తానే తగ్గించుకొను నాయకుడు లోకములో అరుదు. ఆయన ఆ పని చేసినచో, ఆయన చేసిన తక్కిన మంచి పనులన్నియు ఆయన తరువాతను నిలుచును. చేయనిచో, ఆయన మంచితనము ఆయనతోనే పోవును.

మా గండి కథలోని చిటికెనవేలు ఇచ్చట జ్ఞాపకము వచ్చుచున్నది. రాముడు విడిచిన ఆ వేలును తరువాతి శిల్పులు చెక్కబోగా నెత్తురు కారినదనియు, అందుచేత అట్లే ఉంచినారనియు చెప్పుదురు. రామునంతటివాడును పనిని కొంత మిగిల్చి పోయినాడు. 2024 అధ్యక్ష ఎన్నికలో లంక ఓటర్లకు సిరాగుర్తు పెట్టినది ఎడమచేతి చిటికెనవేలి మీదనే. ఏ నాయకుడైనను పూర్తిచేయలేని భాగము ఆ వేలిది. అది ప్రజలది.

మిగిలిన పనులు కూడ తక్కువ కావు. 1987 ఒడంబడిక ఫలితముగా ఏర్పడిన ప్రాంతీయ మండలులకు 2014 తరువాత ఏండ్ల తరబడి ఎన్నికలు లేకపోయినవి. 1979నాటి ఉగ్రవాద నిరోధక చట్టము క్రింద విచారణ లేక చెరలో మగ్గినవారు ఎందరో. దానిని తీసివేయుదుమను మాట ఇచ్చినారు. యుద్ధకాలమున కనబడకుండ పోయిన బిడ్డల కొరకు తమిళ తల్లులు ఏండ్లుగా వీధిన కూర్చుండి అడుగుచున్నారు. కొత్త పాలన వచ్చిన కొద్ది వారములలోనే, విద్యార్హత విషయమున నిజము చెప్పలేదను విమర్శ రాగా పార్లమెంటు స్పీకరు పదవి విడిచిపోవలసి వచ్చినది. కొత్త చీపురు బాగుగా ఊడ్చును గాని, దాని పుల్లలును విరుగును.

మరి పొరుగువారమైన మనము ఎట్లు ఆశపడవలెను? మొదటిది, ఆయన మనవాడని అనుకొనరాదు. ఆయన వారివాడు. ఢిల్లీకి నచ్చినాడా, మరియొక రాజధానికి నచ్చినాడా అని తూచుట పొరుగు తగాదాల పద్ధతి గాని పొరుగు ప్రేమ కాదు. లంకను ఏలుకొనక తిరిగి వచ్చినవానికే మన గండిలో తోరణము కట్టినారు. రెండవది, తగవును తగవుగా ఒప్పుకొనవలెను. పాక్ జలసంధిలో తమిళనాడు మరపడవలు సముద్రపు అడుగును గీకుచు వలలు లాగుచున్నవని, తమ నోటి కూడు పోవుచున్నదని జాఫ్నా జాలరులు మొరపెట్టుచున్నారు. ఇటువైపు తమ బిడ్డలు లంక చెరలలో ఉన్నారని రామేశ్వరపు జాలరుల భార్యలు ఏడ్చుచున్నారు. ఇరుదరుల కన్నీరును నిజమే. తగవు ఉన్నంత మాత్రాన మైత్రి అబద్ధము కాదు; మైత్రి ఉన్నదని తగవును దాచనక్కర లేదు.

మూడవది, మాకు అన్నిటికన్న ముఖ్యమని తోచునది, నాయకుని పేరు కన్న చిన్న ఇంటి గతిని కొలబద్దగా పెట్టుకొనవలెను. 1823 మొదలు దక్షిణదేశము నుండి తోటలకు పోయిన కూలివారి సంతతి 1948లో పౌరసత్వము కోల్పోయినది. 1964లో శాస్త్రి గారును సిరిమావో గారును చేసికొన్న ఒడంబడికలో, 5,25,000 మందిని భారతదేశమునకు, 3,00,000 మందిని లంకకు అని లెక్కవేసి పంచినారు. పంచబడినవారిని ఎవరును అడుగలేదు. కొండమీద తేయాకు తెంపు ఆ వంశపు స్త్రీకి ఒక కుంట సొంతనేల, ఒక గట్టి ఇల్లు కలిగినదా? జాఫ్నా తల్లికి తన బిడ్డ సంగతి ఎవరైనను చెప్పినారా? కుడాగమలోని తెలుగు పిల్లవాడు బడిలో నిలిచినాడా, తన ఇంటి భాష పలుకుటకు సిగ్గుపడక ఉన్నాడా? ఈ మూడు ఇండ్లలో దీపము వెలిగినప్పుడు మాత్రమే కొలంబోలో వెలిగిన దీపమునకు అర్థము కలదు.

శ్రోతలారా, ఈ మాటలు మేము పరదేశము కొరకు మాత్రమే చెప్పుట లేదు. మా కడప సీమలో నాయకుని నమ్మినవారు ప్రాణమైనను ఇత్తురు. ఆ విశ్వాసములో గొప్ప మనసు ఉన్నది. కాని నమ్మిన తరువాత లెక్క అడుగుట ద్రోహమను తలంపు కూడ దానితో పెరిగినది. చెరువులో నీరు ఎంత వచ్చినది, బడిలో ఉపాధ్యాయుడు ఉన్నాడా, వానలు తప్పిన యేడు పరిహారము ఎవరికి చేరినది అని అడుగువానిని ఎదుటి పక్షమువాడని అనుమానించుట మనకు వాడుక. లంక ప్రజలు గోడలమీద బొమ్మలు వేసి నమ్మిన యేడును చూచినారు. వరుసలలో నిలిచి లెక్క అడిగిన యేడును చూచినారు. వారికి ఈ రెండవ విద్య చాల ఖరీదుకు వచ్చినది. మనము దానిని ఊరకనే నేర్చుకొనవచ్చును.

కావున దిసనాయక గారి పదవీకాలము ముగియు 2029 వరకు, ఆ దేశమునుండి వార్త వచ్చినప్పుడెల్ల, ఆయన ఎవరితో చేయి కలిపినారను మాట వినుటతో తృప్తిపడకుందము. ప్రాంతీయ మండలుల ఎన్నికల మాట, అధ్యక్షుని అధికారముల మాట, తోటకూలి మాట ఏమైనదని విచారింతము. మంచి జరిగినచో మనస్ఫూర్తిగా మెచ్చుకొందము. జరుగనిచో, ఆ ప్రజలు మరల ఓటు వరుసలో నిలుతురని నమ్ముదము. ఆ నమ్మకమునకు మాత్రము వారు మనకు ఇప్పటికే కావలసినంత ఆధారము ఇచ్చియున్నారు.